సంఘం అప్పు, ఇంటి ఆరోగ్యం: మన ఊళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ళలో పొదుపు సంఘాల మీటింగులకు వెళ్ళి ఆరోగ్య విషయాలు చెప్పడం కొన్నేళ్ళుగా నా పని. అప్పు లెక్కలు చూసుకునే చోట రక్తం, నీళ్ళు, విరేచనాల మాటలెందుకని మొదట్లో చాలామంది అడుగుతారు. సంఘం అక్కలు, లీడర్లు, వాళ్ళ ఇంటాయనలు, కొత్తగా చేరిన యానిమేటర్లు (ఊళ్ళో సంఘాల పనులు చూసేవాళ్ళు) మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాశాను. కొన్నిటికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. కొన్నిటికి కాదు.

అప్పుకీ ఆరోగ్యానికీ ఏంది సంబంధం?

మీ సంఘం పుస్తకం తెరిచి కంతులు ఆగిపోయిన పేర్లు చూడండి. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఎందుకు కట్టలేకపోయిందో గుర్తు చేసుకోండి. నేను కూర్చున్న సంఘాల్లో వ్యాపారం దెబ్బతిందని చెప్పినవాళ్ళు తక్కువ. "ఆయన పడిపోయాడు", "కాన్పు కష్టమైంది", "పిల్లాడికి జ్వరం తిరగబెట్టింది" అనేవే ఎక్కువగా విన్నాను. జబ్బు వచ్చిన నెలలో రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. ఆస్పత్రి ఖర్చు ఒకటి, కూలి పోవడం ఇంకొకటి. తోడు వెళ్ళిన మనిషి కూలి కూడా పోతుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. లింకేజీ అప్పుతో, అంటే బ్యాంకు సంఘానికి ఇచ్చే అప్పుతో, బర్రెను కొంటారు. రెండు పూటలా పాలన్నీ కేంద్రానికి పోస్తారు, ఎందుకంటే కంతు కట్టాలి. ఇంట్లో రెండేళ్ళ బిడ్డ నీళ్ళ టీలో బిస్కెట్టు ముంచుకుని తింటుంటుంది. ఆ ఇంటికి ఆదాయం పెరిగింది, బిడ్డ బరువు పెరగలేదు. ఆ తల్లికి బిడ్డ మీద ప్రేమ లేక కాదు. పూటకో గ్లాసు పాలు ఇంట్లో ఉంచితే నెలకు ఎంత తగ్గుతుంది, ఆ తగ్గింది కంతుకు అడ్డమా కాదా అని ఆమెతో కూర్చుని లెక్క వేసినవాళ్ళు లేరు. ఆ లెక్క వేయడానికి సంఘం మీటింగు కంటే మంచి చోటు నాకు కనపడలేదు. డబ్బు మాట, బిడ్డ మాట ఒకేచోట మాట్లాడుకునేది అక్కడే.

ఇది ఎవరో బయట నుంచి తెచ్చిన పద్ధతా?

రెండూ ఉన్నాయి. మన సంగతి ముందు చెబుతాను.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు అక్షరాలతో పాటు తమ ఇళ్ళ కష్టాల గురించీ మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోంచే 1992లో దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటం లేచింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు ఈ జిల్లాలో తెలియనివాళ్ళుండరు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధమైంది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. రెండోది రెండేళ్ళు దాటి ఎక్కువ కాలం నిలవలేదు. కానీ సారా మానేసిన ఇళ్ళలో మిగిలిన డబ్బు దాచుకోవాలన్న ఆలోచన నిలిచింది. రోజుకో రూపాయి చొప్పున దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు ఈ జిల్లాలోనే ఊరూరా పుట్టాయి. అంటే చదువు, ఆరోగ్యం, పొదుపు మన దగ్గర ఒకే చెట్టు కొమ్మలుగా మొదలయ్యాయి. తర్వాత్తర్వాత అప్పు కొమ్మ ఒక్కటే బాగా పెరిగింది. ఈ మాట బాధతోనే అంటున్నాను.

బయటి సంగతి. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980ల్లో ఇంటింటికీ మనుషుల్ని పంపి, చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, నీళ్ళతో విరేచనాల మందు కలపడం తల్లులకు నేర్పింది. కోటికి పైగా ఇళ్ళు తిరిగారు. అమెరికాకు చెందిన ఫ్రీడమ్ ఫ్రమ్ హంగర్ అనే సంస్థ 1989లో అప్పు మీటింగులోనే ఆరోగ్య పాఠం చెప్పే పద్ధతి మొదలుపెట్టి ఆఫ్రికా, ఆసియా, దక్షిణ అమెరికా దేశాల్లో నడిపింది. ఇప్పుడు మన సంఘాలు పాటించాల్సిన పది నియమాల్లో, అంటే దశ సూత్రాల్లో కూడా ఆరోగ్యం, పోషకాహారం, పారిశుధ్యం ఒక సూత్రం. కాగితం మీద ఎప్పుడో ఉంది.

మీటింగులో నిజంగా ఏం చెబుతారు? ఎంతసేపు?

అరగంట, అంతకు మించదు. పొదుపు, కంతులు వసూలై పుస్తకం రాసుకున్నాక మొదలుపెడితే సగం మంది లేచి వెళ్ళిపోతారు. పొయ్యి మీద అన్నం ఉంటుంది, బడి నుంచి పిల్లలు వచ్చే వేళవుతుంది. అందుకని నేను పాఠం ముందు పెట్టి డబ్బులు తర్వాత పెట్టమంటాను. ఈ చిన్న మార్పుకే చాలా సంఘాల్లో మీటింగు తీరు మారింది.

ఒక మీటింగుకు ఒకటే విషయం. మూడు విషయాలు చెబితే ఇంటికి వెళ్ళేసరికి ఒక్కటీ గుర్తుండదు. విరేచనాల పాఠం తీసుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు, లీటరు నీళ్ళ సీసా, గిన్నె ముందు పెడతాను. ఒక అక్కను పిలిచి, మీ ఇంట్లో ఎట్టా కలుపుతావో కలుపు అంటాను. దాదాపు ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్ళలో కాస్త పొడి వేసి, మిగతాది మడిచి దాస్తారు. ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, 24 గంటల్లో తాగించి మిగిలింది పారబోయాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే చిన్న టీ చెంచా, గోపురంగా కాదు, సమంగా గీసి. దీంతో పాటు జింక్ మాత్రలు 14 రోజులు వేయాలి, విరేచనాలు మూడో రోజే ఆగిపోయినా సరే. తల్లిపాలు, తిండి ఆపకూడదు. ఇవన్నీ ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతాయి.

అదే సమయంలో లెక్క కూడా చెబుతాను. బిడ్డకు రెండు విరేచనాలు కాగానే ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళి సెలైన్ ఎక్కించి, ఇంజెక్షన్ వేయించి ఎంత ఇచ్చివచ్చారో వాళ్ళనే చెప్పమంటాను. ఆ మొత్తం మీ కంతులో ఎన్నో వంతు? ఈ ప్రశ్నకు గదంతా నిశ్శబ్దమవుతుంది. బిడ్డ కళ్ళు లోతుకు పోయి, మత్తుగా పడుకుని, ఏమీ తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా ఒక్క నిమిషం ఆలోచించకుండా ఆస్పత్రికి పొమ్మని కూడా అక్కడే చెబుతాను. డబ్బు మిగలాలని బిడ్డను ఇంట్లో పెట్టుకోమని ఏ పాఠమూ చెప్పకూడదు.

పాఠానికి రాకపోతే అప్పు ఇవ్వరా?

ఇస్తారు. ఇవ్వాలి. ఆరోగ్య పాఠాన్ని అప్పుకు షరతు చేయడం నాకు ఒప్పుదల కాదు. భయంతో కూర్చున్న మనిషి తల ఊపుతుంది కానీ వినదు.

డాక్టరు కానివాళ్ళు ఇవన్నీ చెప్పొచ్చా?

జబ్బు ఇదీ అని తేల్చడం, మందు రాయడం మన పని కాదు. ఎప్పుడు పోవాలి, ఎక్కడికి పోవాలి, ఏం అడగాలి, ఇంట్లో ఏం మార్చుకోవచ్చు, ఇవి చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. బాగా చెప్పేది ఆ ఊరి మనిషే. ఏఎన్ఎం (ఊళ్ళకు వచ్చే ప్రభుత్వ నర్సమ్మ), ఆశా, అంగన్‌వాడీ టీచర్ను మూణ్ణెల్లకొకసారైనా సంఘానికి పిలవండి. వాళ్ళకు కూడా పది మంది ఒకేచోట దొరకడం మేలే.

ముందు ఏ విషయంతో మొదలుపెట్టాలి?

రక్తహీనతతో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. పది మంది సంఘంలో ఐదారుగురన్నమాట. "ఒంట్లో సత్తువ లేదు, కలుపు తీస్తుంటే కళ్ళు తిరుగుతున్నాయి" అంటారు, దాన్ని వయసు మీదికి నెట్టేస్తారు. సత్తువ లేని మనిషి నెలలో కొన్ని రోజులు కూలికి పోలేకపోతుంది. అది నేరుగా కంతు మీద పడుతుంది.

హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత. గర్భిణికైతే 11. గర్భిణులకు ఐరన్ మాత్రలు 180 రోజులు వేసుకోమని ఉచితంగా ఇస్తారు. చాలామంది తీసుకుని అటక మీద పెడతారు. అడిగితే, వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, దొడ్డికి నల్లగా వస్తోంది, బిడ్డ నల్లగా పుడుతుందేమో అంటారు. ఒంటికి పట్టని ఇనుము బయటికి పోవడం వల్ల నల్లగా వస్తుంది, భయం లేదు. బిడ్డ రంగుకూ దానికీ సంబంధం లేదు. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలి. మాత్రకు ముందూ వెనకా గంట సేపు టీ, కాఫీ తాగకూడదు. పొదలకూరు వైపు నిమ్మ తోటల్లో కూలికి పోయే అక్కలకు నేను చెప్పేది, ఇంటికి తెచ్చుకునే రెండు కాయల్లో ఒక చెక్క పప్పులోనో మునగాకు కూరలోనో పిండుకోమని. పులుపుతో ఇనుము ఒంటికి బాగా పడుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్ళలో చిన్న చేపలు తేలిగ్గా దొరుకుతాయి. అక్కడ కూడా మంచి ముక్కలు మగవాళ్ళకు, పిల్లలకు పెట్టి ఆమె పులుసుతో తింటుంది. దీని గురించి మాట్లాడితే మొదట నవ్వుతారు. తర్వాత ఎవరో ఒకరు, "నిజమే కదక్కా" అంటారు.

మా ఊళ్ళో నీళ్ళే సమస్య. దానికి సంఘం ఏం చేస్తుంది?

కనిగిరి, పొదిలి, దర్శి వైపు, ఇటు ఉదయగిరి మెట్టలో ఈ ప్రశ్న రాని మీటింగు లేదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు, పెద్దవాళ్ళకు నడుం వంగకపోవడం, మెడ తిప్పలేకపోవడం, కీళ్ళ నొప్పులు. ఎముకలో చేరిపోయిన దాన్ని వెనక్కి తీసే మందు లేదు. చేరకుండా చూసుకోవడమే దారి.

ఇక్కడ ఒక పెద్ద అపోహ ఉంది. కాచి తాగితే మంచిదని అందరూ అంటారు. క్రిములకు అది నిజం. ఫ్లోరైడ్‌కు కాదు. నీళ్ళు కాగి ఇగిరేకొద్దీ అది ఇంకా చిక్కనవుతుంది. ఇంకో పొరపాటు, క్యాను నీళ్ళు తాగడానికి మాత్రమే వాడి, అన్నం, పప్పు బోరు నీళ్ళతో వండడం. బియ్యం ఆ నీళ్ళనంతా పీల్చుకుంటుంది. తాగడానికి, వంటకు రెండిటికీ మంచి నీళ్ళే వాడాలి. తక్కువ పడితే ముందు గర్భిణికి, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు. పళ్ళు తయారయ్యే వయసు అది.

సంఘం పని ఏమిటంటే, మొదట ఊళ్ళో ఏ బోరు ఎంతో తెలుసుకోవడం. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ప్రయోగశాలలో పరీక్ష చేయించవచ్చు. అన్ని బోర్లూ ఒకేలా ఉండవు. పక్కపక్క బోర్లలోనే తేడా ఉంటుంది. బాగున్న బోరును తాగునీటికి ఉంచమని సంఘాలన్నీ కలిసి గ్రామ సభలో అడిగితే పంచాయతీ కాదనడం కష్టం. గ్రామ సమాఖ్య (ఊళ్ళోని సంఘాలన్నీ కలిసిన సంఘం) అప్పుతో శుద్ధి ప్లాంటు పెట్టుకుందామని కూడా కొందరు అంటారు. పెట్టుకోవచ్చు. కానీ మిషను కొనడం తేలిక, రెండో ఏడు ఫిల్టర్లు మార్చడం కష్టం. క్యానుకు వచ్చే డబ్బులో కొంత మరమ్మతుకు విడిగా దాచకపోతే ఆ గదికి తాళం పడుతుంది, అప్పు మాత్రం మిగులుతుంది.

పొగాకు, గ్రానైట్ పనుల వాళ్ళకు వేరే పాఠాలు ఉన్నాయా?

ఉండాలి. కందుకూరు, కొండపి, టంగుటూరు వైపు పచ్చి పొగాకు ఆకు కోసేటప్పుడు, కర్రలకు గుచ్చేటప్పుడు తడి చేతుల గుండా నికోటిన్ ఒంట్లోకి పోతుంది. వాంతులు, తలనొప్పి, కళ్ళు తిరగడం వస్తే ఎండ దెబ్బ అనుకుంటారు. మంచు తడి ఆరాక కోయడం, చేతులకు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, తినే ముందు సబ్బుతో కడుక్కోవడం, ఇవే రక్షణ. గర్భిణులు ఈ పనికి పోకపోతేనే మేలు. పాలిచ్చే తల్లి ఆ చీర మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. చీమకుర్తి క్వారీల్లో రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడవుతాయి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా కఫం పరీక్ష చేయించాలి, అది ఉచితం. టీబీ అని తేలితే మందులు ఉచితం, తిండికి నెలకు వెయ్యి రూపాయలు కేంద్ర ప్రభుత్వం ఖాతాలో వేస్తుంది. ఆ వెయ్యి 2024 నవంబరు దాకా 500 ఉండేది.

ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది కదా, మళ్ళీ వైద్యానికి సంఘం అప్పెందుకు?

ఆ కార్డు పెద్ద జబ్బుకు, ఆస్పత్రిలో చేరినప్పుడు ఆదుకుంటుంది. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలైనప్పటి నుంచి ఎన్నో ఇళ్ళను నిలబెట్టింది. కానీ నెల్లూరుకో ఒంగోలుకో ఆటో, తోడు మనిషి తిండి, బీపీకీ షుగరుకూ నెలనెలా మాత్రలు, ఇవి కొంచెం కొంచెంగా తినేస్తాయి. బీపీ, షుగరు మాత్రలు పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారని తెలిస్తే అందులో కొంత తగ్గుతుంది. ఇది కూడా ఒక పాఠమే.

వైద్యానికి సంఘంలో అప్పు ఇస్తే వసూలవుతుందా? వడ్డీ ఎంత పెట్టాలి?

బర్రెకు, చీరల వ్యాపారానికి అయితే ఇస్తాం, వైద్యానికైతే తిరిగి రాదు అనే లీడర్లు ఉన్నారు. సంఘం ఇవ్వకపోతే ఆమె వైద్యం మానేయదు. బయట తెస్తుంది. లెక్క చూడండి. 20,000 బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 600. పది నెలలకు వడ్డీయే 6,000. అదే సంఘంలో రూపాయి వడ్డీకైతే 2,000. అసలు కొంచెం కొంచెం తీరుస్తుంటే ఇంకా తక్కువ. వారం ఫైనాన్సులో తెస్తే చెప్పక్కర్లేదు. ఆ వడ్డీ కట్టడానికి మొదట ఆపేది సంఘం కంతునే. కాబట్టి వైద్యానికి అప్పు ఇవ్వకపోతే సంఘం డబ్బుకే నష్టం.

అత్యవసరానికి మీటింగు రోజు దాకా ఆగమనకూడదు. ఇద్దరు లీడర్లు, ఇంకో సభ్యురాలు సంతకం చేస్తే అదే రోజు ఇచ్చేలా ముందే తీర్మానం రాసుకోండి. తర్వాతి మీటింగులో అందరికీ చదివి వినిపించండి.

విడిగా ఆరోగ్య పొదుపు కూడా పెట్టుకుంటే మంచిది. పది మంది నెలకు 20 రూపాయలు వేస్తే ఏడాదికి 2,400. ఒక సంఘానికి అది చిన్న మొత్తమే. ఊళ్ళో 20 సంఘాలుంటే 48,000. గ్రామ సమాఖ్య దగ్గర ఆ డబ్బు ఉంటే అర్ధరాత్రి కాన్పు నొప్పులు వచ్చిన ఇంటికి ధైర్యం. 108 ఉచితంగానే వస్తుంది, ఆ తర్వాతి ఖర్చుకు చేతిలో ఏదో ఉండాలి కదా.

కంతు కట్టాల్సిన మనిషే మంచం పడితే?

దీనికి జవాబు రాయడానికి చాలాసేపు కూర్చున్నాను.

నేను మొదట్లో ఒక ఊరికి పోయినప్పుడు, ఆపరేషనై వారం కాని ఒక చెల్లెలి మంచం పక్కన వారం వారం వసూలు చేసే కుర్రాడు, తోటి సభ్యులు కూర్చుని ఉన్నారు. ఆమె చెవి కమ్మలు తీసి ఇచ్చింది. అక్కడ కూర్చున్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలన్న నిబంధన వాళ్ళనట్లా చేసింది. 2010లో సూక్ష్మ రుణ సంస్థల ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న ఇళ్ళు మన రాష్ట్రంలో ఎన్నో. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

ఇప్పుడు రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలున్నాయి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి ఇచ్చే సూక్ష్మ రుణానికి తాకట్టు అడగకూడదు. ఇంటి అప్పుల కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు, ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, బంధువుల ముందు అవమానించకూడదు. ఇది కూడా మీటింగులో చెప్పాల్సిన ఆరోగ్య పాఠమే. అప్పు టెన్షన్‌తో నిద్రపట్టని మనిషికి బీపీ మాత్రలొక్కటే చాలవు.

మన సంఘాల వరకు, సభ్యురాలు మంచం పడితే రెండు మూడు నెలలు కంతు వాయిదా వేసి, గడువు పెంచుతూ తీర్మానం రాయండి. జబ్బు వచ్చాక రాయడం కాదు, ఇప్పుడే రాసి పెట్టుకోండి. ప్రధానమంత్రి పేరిట ఉన్న సురక్ష ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవన జ్యోతి బీమా 436 రూపాయలు. రెండూ 2 లక్షలవి, బ్యాంకు ఖాతా నుంచే కట్ అవుతాయి. ఖాతాలో ఆ డబ్బు ఉందో లేదో మే నెలాఖరులో యానిమేటర్ ఒకసారి అందరికీ గుర్తు చేయాలి.

దీని వల్ల నిజంగా మేలు జరిగిందని ఎక్కడైనా తేలిందా?

తేలింది, కానీ అన్నిచోట్లా కాదు. 1990ల్లో ఘానాలో అప్పుతో పాటు పాఠాలు విన్న తల్లుల పిల్లలు ఎత్తు, బరువులో మెరుగయ్యారు. అదే పద్ధతి బొలీవియాలో పెడితే పిల్లల ఎదుగుదలలో మొత్తం మీద తేడా రాలేదు. పాఠం బాగా చెప్పిన చోట మాత్రం కొంత మేలు కనిపించింది. దక్షిణాఫ్రికా పల్లెల్లో అప్పుతో పాటు ఆడవాళ్ళ హక్కులు, హెచ్‌ఐవీ గురించి మాట్లాడిన సంఘాల్లో భర్త చేతి దెబ్బలు రెండేళ్ళలో సగానికి పైగా తగ్గాయని 2006లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. హెచ్‌ఐవీ సోకడం మాత్రం తగ్గలేదు. నాకు వీటిలో అర్థమైంది, పాఠం చెప్పామని రిజిస్టర్లో టిక్కు పెట్టుకుంటే ఏమీ రాదని. చెప్పే మనిషి తయారై వెళ్ళాలి, పోయిన నెల చెప్పింది ఎవరు చేశారో ఈ నెల అడగాలి.

మగవాళ్ళకు కూడా చెప్పాలా?

తప్పకుండా. ఆస్పత్రికి పోవాలా వద్దా అన్న నిర్ణయం చాలా ఇళ్ళలో ఆయనదో అత్తదో. కాన్పు గురించి, బీపీ గురించి చెప్పే రోజు వాళ్ళనూ పిలవండి. సాయంత్రం పూట పెడితే వస్తారు.

మా సంఘంలో మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?

వచ్చే మీటింగుకు ఏఎన్ఎమ్మను రమ్మని అడిగి, సభ్యులందరికీ రక్త పరీక్ష, బీపీ చూపించండి. బీపీ 140/90 దాటినవాళ్ళు, హిమోగ్లోబిన్ 12 లోపు ఉన్నవాళ్ళు ఎవరో వాళ్ళకు విడిగా చెప్పండి, అందరిముందు చదవకండి. ఆ అంకెలు తీర్మానాల పుస్తకంలో రాయకండి, ఎవరి చీటీ వాళ్ళ దగ్గరే ఉండాలి. పుస్తకంలో రాయాల్సింది ఒక్కటే, మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష ఏ తారీఖున అని.